పట్టు వదలని ఇరుసు

మూడో వార్డు, కిటికీ పక్క మంచం,
సోమవారం

గయ్యాళి చెల్లెలికి అన్నయ్య దీవెనలు.

నేనిక్కడ క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. గొంతుకు పూర్తి విశ్రాంతి ఇవ్వమన్నారు. గుసగుసలు కూడా వద్దట, అవి మాట కన్నా చెడ్డవట. వరండాలో టెలిఫోను ఉంది గానీ, మాట్లాడకూడనివాడికి టెలిఫోనెందుకు? అందుకే ఈ ఉత్తరం. ఏడాదిగా గొంతు బొంగురుపోతుంటే పెట్రోలు పొగ అనుకున్నాను, దుమ్మనుకున్నాను. డాక్టరమ్మ లోపలికి చిన్న అద్దం పెట్టి చూసి, కాస్త వాపుందంది. గీకేసి పంపేస్తారు. వానలు పడేలోగా నీ గుమ్మంలో ఉంటాను.

అసలు సంగతికొస్తాను. నా మోటారు బండి మీ కొట్టు వెనక రేకుల షెడ్డులో పెట్టి వచ్చాను కదా. వెనక టైరు పగిలిపోయింది, గాలి నిలవడం లేదు. అలాగే నిలబెట్టి ఉంచితే రిమ్ము కూడా పాడవుతుంది. నేనొచ్చేసరికి కొత్త టైరు వేయించి ఉంచు. వేరే మెకానిక్కు ఎవడైనా నా బండి మీద చెయ్యి వేస్తే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. కాబట్టి చక్రం నువ్వే విప్పాలి. బావ సాయం పడతాడు.

బండిని పెద్ద స్టాండు మీద ఎక్కించు. చక్రం నడిమధ్యలోంచి ఇటు నుంచి అటు దూరి ఉన్న లావుపాటి ఇనప కడ్డీయే ఇరుసు. బ్రేకు రాడ్డు విప్పు. చైను కలిపిన చోట ఊడదీసి పక్కకు తప్పించు. నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను పట్టకారుతో లాగేసి, నట్టు విప్పు. తరవాత ఎడమ పక్క నుంచి తట్టి కుడి పక్కకు లాగితే, సూదిలోంచి దారం వచ్చినట్టు ఇరుసు వచ్చేస్తుంది. చక్రం నీ ఒళ్ళో పడుతుంది.

కుట్టుమిషను తొక్కే కాళ్ళకు ఇదో లెక్కా!

నీ అన్నయ్య


దర్జీ కొట్టు,
ఆదివారం

అన్నయ్యకు,

ఏం సూది అన్నయ్యా అది, ఏం దారం! నట్టు వచ్చింది. పిన్ను వచ్చింది. చైను వచ్చి నా చీర నిండా నల్లటి ముద్రలేసింది. ఇరుసు మాత్రం ససేమిరా అంది. మీ బావ బండిని వాటేసుకుని నిలబడ్డాడు, నేను సుత్తి తీసుకుని ఎడమ పక్క నుంచి కొట్టాను. నువ్వు చెప్పినట్టే కొట్టాను. ఇరుసుకున్న లావుపాటి తల మీద కొడుతూనే ఉన్నాను, అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఖాతాదారులు వచ్చి, లోపల పెళ్ళాం మొగుణ్ణి కొడుతోందేమోనని తొంగి చూసి వెళ్ళారు.

మీ బావ చూసి చూసి, "ఎన్నాళ్ళయింది దీన్ని విప్పి?" అన్నాడు. అన్నయ్య బండి కదా, ఏటా విప్పి గ్రీజు పెడతాడన్నాను. ఆయన అక్కడ వేలితో గీకాడు. తుప్పు పొడి రాలింది. వదిన పోయిన తరవాత దాన్ని ముట్టుకోనే లేదు కదూ నువ్వు? ఊరందరి ఇరుసులకూ గ్రీజు పెట్టినవాడివి! శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుంది నీ సంగతి.

అది సరే. గీకడం ఎప్పుడు? డాక్టరమ్మ ఇంకేమంది? బండి గురించి పేజీ నింపావు, గొంతు గురించి గట్టిగా నాలుగు ముక్కలు రాయలేదు. ఈసారి తిరగేసి రాయి.

నీ చెల్లెలు


మూడో వార్డు,
గురువారం

ఓసి నా తల్లీ,

లావుపాటి తల మీద కొట్టావా! అటు నుంచి ఎన్నేళ్ళు కొట్టినా రాదు, ఇంకా బిగుస్తుంది. నువ్వు బండికి ఎదురుగా నిలబడి ఎడమ అనుకున్నావు. కొలతలు తీసేటప్పుడు మనిషికి ఎదురుగా నిలబడడం నీకు అలవాటు కదా, బండిని కూడా ఖాతాదారుణ్ణి చేశావు. బండి మీద కూర్చున్నవాడి ఎడమే బండికి ఎడమ. నట్టు విప్పిన కొస మీద కొట్టాలి. ఇక్కడ కూర్చుని నవ్వాను, నర్సు వచ్చి నవ్వడం కూడా గొంతుకు పనేనని కోప్పడింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఉత్త కొసను కొడితే మరలు చితికిపోతాయి. నట్టును మళ్ళీ కొస దాకా ఎక్కించు, ఇరుసూ నట్టూ సమంగా ఉండాలి. నా పెట్టెలో ఇత్తడి కడ్డీ ఉంది, దాన్ని ఆనించి దాని మీద కొట్టు. అంతకు ముందు కిరసనాయిలూ ఇంజను ఆయిలూ సగం సగం కలిపి, ఇరుసు లోపలికి పోయే చోట రెండు పక్కలా పోస్తూ ఉండు. పొద్దున ఓసారి, కొట్టు కట్టేటప్పుడు ఓసారి. తల ఉన్న వైపు పానా వేసి, పానాకు పొడుగాటి గొట్టం తొడిగి కొంచెం కొంచెం తిప్పాలి. మంట పెట్టొద్దు. రంపం అసలే వద్దు. ఆ బండి చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, ఆ ఇరుసు మళ్ళీ దొరకదు. కోస్తే నా మీద ఒట్టే.

ఇక్కడి కబుర్లు కూడా రాస్తాను. నా పక్క మంచం మీద ఒకాయన ఉన్నాడు, ఒకప్పుడు వేలంపాటలు పాడేవాడట. ఆయన గొంతు వీధి మొదట్లో మొదలైతే వీధి చివర దాకా వినబడేదట. ఇప్పుడు మెడ దగ్గర చిల్లు ఉంది, దాంట్లోంచి ఊపిరి. ఏం కావాలన్నా పలక మీద రాస్తాడు. కొడుకు వస్తాడు. వచ్చి, పళ్ళు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆయన పలక మీద రాయడం పూర్తయ్యేలోగా బస్సుకు వేళయిందని లేస్తాడు. రాసింది చెరిపేసుకుంటాడాయన.

గొంతు సంగతేమీ లేదు. వాపు కాస్త మొండిగా ఉందట.

అన్నయ్య


దర్జీ కొట్టు,
మంగళవారం

అన్నయ్యకు,

ముందు నీ బండి సంగతి చెప్పేసి, తరవాత నీ సంగతి పడతాను.

నువ్వు చెప్పిన నూనె పోస్తూనే ఉన్నాను. షెడ్డంతా కిరసనాయిలు కంపు. కుట్టిన బట్టలకు కూడా ఆ వాసనే పట్టిందని ఒకావిడ జాకెట్టు విసిరికొట్టి పోయింది. సరైన కొస మీదే కొడుతున్నాం. గొట్టం తొడిగి తిప్పితే మొదట బండే స్టాండు మీంచి దిగబోయింది. మీ బావ దాన్ని గోడకు తాడేసి కట్టాడు. శనివారం తల కొంచెం తిరిగినట్టే ఉందని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే తిరిగింది పానా. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, నీ ఇరుసు రాజుల రాజు.

ఇక నీ సంగతి. ఉతికిన బట్టలిద్దామని మీ బావ మొన్న నీ దగ్గరకు వచ్చాడు కదా. తిరిగి వెళ్తుంటే డాక్టరమ్మ మెట్ల దగ్గర ఆపి, "మీరైనా చెప్పండి, ఆయన వినడం లేదు" అందట. అది వాపు కాదట. కంతి అట. గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలట. ఇప్పుడు తీస్తే మనిషి దక్కుతాడట. వానలు వెళ్ళేదాకా ఆగితే ఆ తరవాత తనను అడగొద్దందట. సంతకం పెట్టమంటే నువ్వు కాగితం తిప్పి వెనక వైపు బండి ఇరుసు బొమ్మ గీశావట.

మీ బావ ఈ మాట నాకు చెప్పలేక రాత్రంతా దాచుకుని, పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ చెప్పాడు. గ్లాసు జారిపోయింది. నాకు కోపమొచ్చింది అన్నయ్యా. భయం తరవాత వచ్చింది. గీకేసి పంపేస్తారని రాశావు. ఎవరిని మభ్యపెడదామని?

ఈ ఉత్తరానికి జవాబులో బండి ఊసు ఉండకూడదు. సంతకం పెడుతున్నావా లేదా, అదొక్కటే రాయి.

చెల్లెలు


మూడో వార్డు

చెల్లీ,

పెట్టడం లేదు.

ఒక్క ముక్కే రాయమన్నావు, రాశాను. ఇక్కడితో ఆపేద్దామనుకుని కవరు కూడా అంటించాను. మళ్ళీ చింపాను.

కోప్పడకుండా చదువు. నా కొట్టుకు జనం నా చేతి పని కోసం వస్తున్నారనుకుంటున్నావా? వీధికి నలుగురున్నారు మెకానిక్కులు. బండి ఇచ్చేసి వెళ్ళిపోవలసినవాళ్ళు సాయంత్రం దాకా నా బల్ల మీద ఎందుకు కూర్చుంటారు? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరంతా నా నోట్లోనే ఉంది. అమ్మ పోయినప్పుడు నువ్వు ముద్ద ముట్టేదానివి కాదు. ఏనుగు సైకిలెక్కిన కథలూ, చేప బడికెళ్ళిన కథలూ నోటికొచ్చినట్టు అల్లి చెబితే, నోరు తెరిచి వింటుండగా ముద్ద పెట్టేవాణ్ణి. మీ వదిన ఆఖరి రోజుల్లో "ఏదో ఒకటి చెబుతూ ఉండండి" అనేది. కళ్ళు తెరిచే ఓపిక లేకపోయినా వినేది. ఆమె పోయాక ఆ గదిలో గోడలతో మాట్లాడాను. అది పిచ్చి కాదు, అలా బతికాను.

రేపు ఆ మాట పోతే నా దగ్గర ఎవరు కూర్చుంటారు? జాలిపడి మొదటి వారం వస్తారు. తరవాత పక్క మంచం ఆయన కొడుకులా కిటికీలోంచి చూస్తారు. నువ్వూ చూస్తావు. చూడనని ఇప్పుడనిపిస్తుంది నీకు.

నాకు చావంటే భయం లేదని గొప్పలు చెప్పను. భయమే. కానీ మనుషుల మధ్య మూగగా కూర్చోవడమంటే ఇంకా భయం.

ఇరుసుకు నూనె పోయడం మానకు. ఓపిక పట్టు. వస్తుంది.

అన్నయ్య


దర్జీ కొట్టు,
శుక్రవారం

అన్నయ్యకు,

కోసేశాను.

ఒట్టు వేయించుకున్నావని గుర్తుంది. ఆ ఒట్టు గట్టున పెట్టాను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ చెయ్యలేకపోయాను. చేతులు జాకెట్టు చేతులు తిరగేసి కుట్టేశాయి. మూడో రోజు షెడ్డులోకి వెళ్ళి చూస్తే వాన నీళ్ళు రేకుల సందులోంచి సరిగ్గా చక్రం మీదే కారుతున్నాయి. రిమ్ముకు తుప్పు పొక్కులు లేచాయి. నూనె పోస్తూ, ఓపిక పడుతూ, ఇరుసును కాపాడుకుంటూ కూర్చున్నాం. ఈలోగా చక్రం పోతోంది.

లేతు మిషను పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఆయన గొంతుక్కూర్చుని, ఇరుసును చూసి, నన్ను చూసి, "అమ్మా, ఇది లోపల బేరింగుతో ఒకటైపోయింది. దేవుడు దిగొచ్చినా ఊడదు. ముక్కలు తెచ్చివ్వు, కొలత తీసి కొత్తది చేసిస్తా. దానంత అందంగా ఉండదు, బండి మాత్రం నడుస్తుంది" అన్నాడు.

చక్రానికీ దాన్ని పట్టుకున్న ఇనప చేతికీ మధ్య రంపం చట్రం పట్టనంత సందు. ఉత్త బ్లేడుకే ఒక కొసన గుడ్డ పేలికలు చుట్టుకుని, నేల మీద పడుకుని కోశాను. నా చెయ్యి నొప్పెడితే మీ బావ, ఆయన చెయ్యి నొప్పెడితే నేను. బ్లేళ్ళు విరుగుతున్నాయి. ఒక్కో గీతకు నువ్వు తిడుతున్నట్టే వినిపించింది. ఏడుస్తూనే కోశాను అన్నయ్యా, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మీ బావ ఆపమన్నాడు, ఆపలేదు. ఒక పక్క తెగింది. రెండో పక్క తెగే ముందు చక్రం కాస్త ఒరిగింది, తరవాత దబ్బున నా మోకాలి మీద పడింది. మోకాలు వాచింది. చక్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు నేను చెప్పేది సామెత కాదు, నీతి కథా కాదు. నీ గొంతంటే నాకు ప్రాణం. అది తీసేస్తారంటే నాకు లోపల ఏం జరుగుతోందో రాయడం నా చేత కాదు. ఆ గొంతు విని ముద్ద మింగినదాన్ని నేనే. కానీ నాకు కావలసింది నువ్వు. మాట్లాడే అన్నయ్య దొరక్కపోతే మాట్లాడని అన్నయ్య కావాలి. గుడ్డి కన్నా మెల్ల మేలు కాదూ? అసలు అన్నయ్యే లేకుండా ఆ గొంతును నేనేం చేసుకోను?

నీ దగ్గర ఎవరు కూర్చుంటారని అడిగావు. ఎవరి సంగతో నాకు తెలియదు. నేను కూర్చుంటాను. విసుగొస్తే విసుక్కుంటూ కూర్చుంటాను.

చెల్లెలు


మూడో వార్డు,
బుధవారం

ద్రోహీ,

నీ ఉత్తరం చదివి మంచం దిగి వరండా అంతా తిరిగాను. అరవడానికి లేదు కదా, తిరగడమే. అడక్కుండా కోస్తావా? నా బండిని! పగవాడు కూడా ఇంత మోసం చెయ్యడు.

రంపం ఇనప చేతికి తగిలిందా? గీత పడినా సరే, దాచకుండా రాయి. చక్రం లోపల మిగిలిన ముక్కను లేతు ఆయన బేరింగులతో సహా ప్రెస్సులో పెట్టి తోయించాలి, సుత్తితో బాదనివ్వకు. బేరింగులు రెండూ కొత్తవే వెయ్యాలి. కొత్త ఇరుసుకు మెత్తటి ఇనుము వాడతానంటాడు, ఒప్పుకోకు.

ఇదంతా రాస్తుంటే డాక్టరమ్మ వచ్చి మంచం చివర నిలబడింది. నీ ఉత్తరం ఆమె చేతికిచ్చాను. నిలబడే చదివింది. చదివి, నీ మోకాలెలా ఉందని అడిగింది. చెల్లెలిని అడిగి చెబుతానని కాగితం మీద రాశాను. "అంత మొండి చెల్లెలుండగా మీరెన్నాళ్ళు ఆగుతారు?" అంది.

నాకింకా భయంగానే ఉంది. నువ్వు కోసినందుకు కోపం కూడా పోలేదు. ఆ రెండూ ఉండగానే సంతకం పెట్టాను. వచ్చే సోమవారం.

అన్నయ్య


దర్జీ కొట్టు,
ఆదివారం

అన్నయ్యకు,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

పక్క గుడ్డల కొట్టాయన "ఫోను, ఫోను" అని అరిస్తే మెడలో టేపుతోనే పరుగెత్తాను. నువ్వు! మాట్లాడకూడదన్నారు కదా అనబోయాను. నువ్వే అన్నావు, "రేపు తీసేసేదానికి ఇవాళ విశ్రాంతేమిటే?" అని. ఎంత బొంగురుగా ఉన్నా అది నీ గొంతే. ఏనుగు సైకిలు మొదలెట్టావు. కొత్త ఇరుసుకు గ్రీజు దండిగా రాయమన్నావు. మోకాలికి కాపడం పెట్టావా అన్నావు. బావ మంచివాడే గానీ టీలో చక్కెర ఎక్కువేస్తాడన్నావు. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేను వింటూనే ఉన్నాను. నా నోట ఒక్క మాట వస్తే ఒట్టు. గయ్యాళిదాన్ని, నాకు మాట రాలేదు. చివర్న "ఉన్నావా?" అన్నావు. ఊఁ అన్నాను. వినబడిందో లేదో, లైను పోయింది.

ఉన్నాను అన్నయ్యా. చక్రం బిగించేశాం. రేపు తెల్లారగానే బండి మీద బయల్దేరుతున్నాం.

చెల్లెలు


మూడో వార్డు

చెల్లాయికి,

మీరు వెళ్ళిన మర్నాడు లేచి కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో. డాక్టరమ్మ పూర్తిగా తీసేశానంటోంది. ఆమె మొహం చూస్తే నిజమే చెబుతున్నట్టుంది.

మీరు వచ్చిన రోజు మత్తులో ఉన్నాను గానీ, మీరు వెళ్ళేటప్పుడు బండి చప్పుడు విన్నాను. చైను మరీ బిగించారు. కొంచెం వదులు చెయ్యమని బావకు చెప్పు.

నొప్పి సంగతి రాయను. గొంతు సంగతి రాస్తాను. మొదటిసారి మెలకువ వచ్చినప్పుడు నర్సును నీళ్ళడిగాను. అడిగాననుకున్నాను. పెదాలు కదిలాయి, అంతే. అప్పుడు ఏడ్చాను. దానికీ చప్పుడు లేదు.

తరవాత నువ్వు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నావు. కూర్చున్నది మొదలు వాగుతూనే ఉన్నావు. జాకెట్టు విసిరికొట్టినావిడ మళ్ళీ వచ్చిందనీ, లేతు ఆయన ఇరుసు కొలత ఒకసారి తప్పాడనీ, నువ్వు దెబ్బలాడి రెండోది చేయించావనీ. "నేను చేసింది తప్పా చెప్పు?" అన్నావు. అని ఆగావు.

నేను మాట్లాడలేనని నీకు గుర్తు లేదు. ఎప్పటిలా నా వైపు చూస్తూ, నేను తిడతానని కాచుకుని కూర్చున్నావు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నువ్వు కిటికీ వైపు చూడలేదు. అలాగే నా మొహంలోకి చూసి, "తెలుసులే, తప్పేనంటావు" అని మళ్ళీ మొదలెట్టావు.

అప్పటి నుంచి నాకు భయం తగ్గింది చెల్లాయ్. ఇంటికొచ్చాక కూడా అలాగే చెయ్యి. నీ మాటల మధ్య ఆగు. నా వంతు నాకు వదులు. జవాబు రాకపోయినా ఆగు, నేను చెబుతూనే ఉంటాను.

నీ అన్నయ్య